లేని జబ్బుకు మినహాయింపు

కెనడాలోని మిస్సిసాగాలో ఇరవై ఆరేళ్ళు ఫ్యామిలీ డాక్టర్‌గా పనిచేసి రెండేళ్ళ క్రితం క్లినిక్ మూసేశాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి సలహాలు అడుగుతుంటారు. రోజుకు ఎంతమందిని చూడాలి, ఎక్కడ ప్రాక్టీసు పెట్టాలి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది, ఇవీ వాళ్ళ ప్రశ్నలు. ఇంకెవరికీ అంతుచిక్కని రోగాన్ని నేనెలా పట్టుకున్నానో చెబుతానని ఆశగా కూర్చుంటారు. అలాంటివి ఒకటి రెండు లేకపోలేదు. కానీ నన్ను ఇప్పటికీ వదలని కేసు ఒక్కటే. అందులో అసలు రోగమే లేదు. ఆ అమ్మాయి అప్పుడూ ఆరోగ్యంగానే ఉంది, ఇప్పుడూ ఆరోగ్యంగానే ఉంది. ఆమెకు అడ్డం పడింది నేను రాసిన రాత.

ఇది చదివి ఎవరైనా మారతారని నాకు నమ్మకం లేదు. నాకూ ఇలాంటివి చెప్పినవాళ్ళున్నారు. నేనూ బుద్ధిగా తలూపి నా దారిన నేను పోయాను.

రాత పని

నేను మొదట చేరిన క్లినిక్ హ్యారిస్ అనే పెద్దాయనది. అప్పటికే డెబ్బై దాటిన మనిషి. నేను రాసిన చార్టులన్నీ సాయంత్రం టీ తాగుతూ తీరిగ్గా చదివేవాడు. ఒకసారి ఒక ట్రక్ డ్రైవర్ నడుం నొప్పితో వస్తే ‘పనిలో కింద పడ్డాడు’ అని రాశాను. హ్యారిస్ పిలిచి, పడుతుంటే నువ్వు చూశావా అని అడిగాడు. లేదన్నాను. ‘అయితే పడ్డానని అతను చెప్పినట్టు రాయి. నువ్వు చూసింది నీ మాటగా రాయి. విన్నది ఎవరు చెప్పారో వాళ్ళ పేరు మీద రాయి. రేపు ఎక్కడో కూర్చుని ఎవరో చదువుతారు, వాళ్ళకి నువ్వెవరో తెలియదు’ అన్నాడు. అప్పటికప్పుడు నాచేత దిద్దించాడు. ఇండియాలో ఎనిమిదేళ్ళు వైద్యం చేసి వచ్చినవాణ్ణి, ఈ ముసలాయన చాదస్తం నాకేంటని లోపల కుతకుతలాడిపోయాను. తర్వాత సొంత క్లినిక్ పెట్టుకున్నాక నా చార్టులు చదివేవాళ్ళెవరూ లేరు. అది పెద్ద సుఖమనుకున్నాను.

కొత్తవాళ్ళకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మన పనిలో సగం ఉత్తరాలే. ఆఫీసులో సెలవు కోసం, జిమ్ మెంబర్‌షిప్ రద్దు కోసం, పరీక్ష వాయిదా కోసం, విమానం టికెట్ తేదీ మార్చడం కోసం. మన తెలుగువాళ్ళకు వీటితోపాటు ఇంకొకటి కావాలి. వేసవి సెలవులకు ఇండియా వెళ్ళినవాళ్ళు స్కూళ్ళు తెరిచే వేళకు తిరిగి రారు. వచ్చేటప్పుడు అక్కడ బంధువుల్లో ఉన్న డాక్టర్ చేత ఒక సర్టిఫికెట్ రాయించుకుని వస్తారు. టైఫాయిడ్, కామెర్లు, ఆయాసం, ఏదో ఒకటి. వెతికితే ఒక డాక్టర్ బంధువు దొరకని కుటుంబం మనలో తక్కువ. స్కూల్ వాళ్ళు ఆ కాగితం చూసి ఇక్కడి డాక్టర్ సంతకం కూడా తెమ్మంటారు. ఆ సంతకం నేను పెట్టేవాణ్ణి. నా చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో నాకు మంచి డాక్టర్ అని పేరు రావడానికి అది కూడా ఒక కారణం.

ఆశ్వయుజంలో పెళ్ళి

రమణారావు గారు ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక వేర్‌హౌస్‌లో డిస్పాచ్ చూసేవారు. ఆయన భార్య సుజాత మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేసేది. రిపోర్టులో ఒక్క తేదీ తప్పు పడినా వెనక్కి పంపే మనిషి. వాళ్ళకు ఒక్కతే కూతురు మేఘన, ఇక్కడే పుట్టింది. మేఘనకు ఏడేళ్ళప్పుడు సుజాత తమ్ముడి పెళ్ళికి విజయవాడ వెళ్ళారు. సెలవుల్లోనే అయిపోతుందనుకున్న పెళ్ళి వెనక్కి జరిగింది. భాద్రపదంలో ముహూర్తాలుండవు కాబట్టి ఆశ్వయుజంలో పెట్టుకున్నారు. రమణారావు గారు ముందే తిరిగొచ్చేశారు. తల్లీకూతుళ్ళు అక్టోబరు నడిమి దాకా ఉండిపోయారు.

సుజాత పెద్దన్నయ్య అక్కడ పిల్లల డాక్టర్. సొంత నర్సింగ్ హోమ్ ఉంది. మేనకోడలి మీద ప్రేమ కొద్దీ సర్టిఫికెట్ కాస్త ధారాళంగా రాశాడు. తీవ్రమైన ఆస్తమా అని, తన నర్సింగ్ హోమ్‌లో నాలుగు రోజులు ఉంచి వైద్యం చేశానని, ఆరు వారాలు ప్రయాణం చేయకూడదని.

సుజాత ఆ కాగితం నా బల్ల మీద పెట్టి నవ్వింది. ‘మా అన్నయ్య కొంచెం ఎక్కువే రాసేశాడు డాక్టర్ గారూ. స్కూల్ వాళ్ళకి చూపించడానికేలెండి. మీరు కూడా ఏదో ఒకటి రాసిచ్చేస్తే పనైపోతుంది’ అంది.

మేఘన ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి విన్నాను. గాలి శుభ్రంగా ఆడుతోంది. పిల్ల విజయవాడలో కొన్న గాజులు నాకు చూపిస్తోంది. బయట హాల్లో కుర్చీలన్నీ నిండిపోయాయి. ‘ఆస్తమా, విదేశంలో నిర్ధారణ అయింది’ అని కంప్యూటర్లో కొట్టాను. సర్టిఫికెట్ స్కాన్ చేయించి చార్టులో పెట్టించాను. స్కూల్ ఫామ్‌లో పఫర్, అంటే ఇన్‌హేలర్, పేరు రాయాలి కాబట్టి, కథ అతకడానికి ఒక పఫర్ కూడా రాశాను. అంతా కలిపి ఆరేడు నిమిషాలు పట్టి ఉంటుంది.

తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారి లేదు. తెలిసే చేశాను. అది అబద్ధమని కూడా అనిపించలేదు, సాయం అనిపించింది. పిల్ల బ్యాగులో మూడేళ్ళు ఆ పఫర్ ఉంది, ఒక్కసారి కూడా వాడకుండా. గడువు తీరినప్పుడల్లా ఫార్మసీ నుంచి ఫ్యాక్స్ వచ్చేది. మధ్యాహ్నం భోజనం చేస్తూ ఫ్యాక్సుల కట్ట మీద సంతకాలు పెట్టేవాణ్ణి, అందులో అదీ ఒకటి. ఆ విధంగా మేఘన ఆస్తమాకు మూడేళ్ళ వైద్య చరిత్ర తయారైంది. స్కూల్లో నోరు జారుతుందేమోనని సుజాత పిల్లకు అసలు సంగతి చెప్పలేదు. తర్వాత చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. చిన్నప్పుడు తనకు ఆస్తమా ఉండేదనే మేఘన నమ్ముతూ పెరిగింది.

పదేళ్ళ తర్వాత

మేఘన పన్నెండో ఏట క్యాడెట్స్‌లో చేరింది. అది మన ఎన్.సి.సి. లాంటిది. స్కూల్లో ఎవరో స్నేహితురాలు చేరుతుంటే తోడుగా వెళ్ళి, స్నేహితురాలు మానేసినా తాను ఉండిపోయింది. యూనిఫాం తానే ఇస్త్రీ చేసుకునేది. వేసవి క్యాంపుకు వెళ్ళొచ్చి నాకు ఫోటోలు చూపించేది. పదిహేడేళ్ళు వచ్చేసరికి మిలిటరీ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి ఆఫీసర్ అవుతానని తేల్చి చెప్పింది. దరఖాస్తు చేసింది, పరీక్ష పాసైంది. మెడికల్‌లో ‘ఎప్పుడైనా ఆస్తమా ఉందా, పఫర్ వాడారా’ అని అడిగితే ఉందని చెప్పింది. వాళ్ళొక ఫామ్ ఇచ్చి ఫ్యామిలీ డాక్టర్ చేత నింపించుకు రమ్మన్నారు.

తల్లీకూతుళ్ళు ఆ ఫామ్ పట్టుకుని నా దగ్గరికొచ్చారు. చార్ట్ తెరవగానే మొదటి వరుసలోనే ఉంది, ఆస్తమా అని. నేను సుజాత వైపు చూశాను. ఆమె గోడ మీది క్యాలెండర్ చూస్తోంది.

‘చిన్నప్పటిది కదా డాక్టర్ గారూ, తగ్గిపోయిందని రాయండి’ అంది.

అప్పటికప్పుడు నిజం చెప్పి ఉంటే ఎంతో కొంత దారి దొరికేది. చెప్పాలంటే ముందు ఆ పిల్ల ముందు వాళ్ళమ్మను నిలబెట్టాలి, పక్కనే నేను నిలబడాలి. నాకు ధైర్యం చాలలేదు. ‘బాల్యంలో తేలికపాటి ఆస్తమా. పూర్తిగా తగ్గింది. ఎన్నో ఏళ్ళుగా లక్షణాలు లేవు’ అని ముచ్చటగా మూడు వాక్యాలు రాసి సంతకం పెట్టాను. నిబంధనకు అడ్డొచ్చే జబ్బు ఉన్నా ఫలానా మనిషిని తీసుకోవచ్చని పైనున్న వైద్యాధికారి మినహాయింపు ఇస్తే దాన్ని మెడికల్ వేవర్ అంటారు. అది ఎలా ఇస్తారో, ఎంతమందికి ఇస్తారో నాకేమీ తెలియదు. అయినా మేఘన భుజం తట్టి, ‘ఇది చాలా చిన్న విషయం, వేవర్ వచ్చేస్తుంది’ అన్నాను.

ఎదురుచూపు

ఫామ్‌తోపాటు నా చార్టు నకలు కూడా అడిగి తీసుకున్నారు, ఆ ఫైలు పై ఆఫీసుకు వెళ్ళింది. వెళ్ళాక దాని సంగతి ఎవరికీ తెలియదు. రిక్రూటింగ్ సెంటర్‌కు ఫోన్ చేస్తే రివ్యూలో ఉందనేవాళ్ళు. రెండు నెలలకు ఒక ఉత్తరం వచ్చింది, ఊపిరితిత్తుల స్పెషలిస్ట్ దగ్గర పరీక్ష చేయించమని. ఆ అపాయింట్‌మెంట్ దొరకడానికి ఇంకో మూడు నెలలు. పరీక్షలో అంతా నార్మల్ అని వచ్చింది. అదీ పంపించాం. మళ్ళీ చడీచప్పుడూ లేదు.

మేఘన ప్రతి బుధవారం స్కూల్ నుంచి బస్సులో నా క్లినిక్‌కు వచ్చేది, తన పేరు మీద ఏమైనా ఫ్యాక్స్ వచ్చిందేమో అడగడానికి. ఫోన్ చేస్తే సరిపోతుందమ్మా అని రిసెప్షన్‌లో చెప్పినా వచ్చేది. కూర్చోమన్నా కూర్చునేది కాదు. చలికాలమంతా పొద్దున్నే పది కిలోమీటర్లు పరుగెత్తుతున్నానని ఒకసారి చెప్పింది. ‘మళ్ళీ టెస్ట్ అడిగితే లంగ్స్ స్ట్రాంగ్‌గా ఉండాలి కదా అంకుల్’ అంది. ఇంట్లో తెలుగు అర్థం చేసుకుంటుంది కానీ జవాబులు ఇంగ్లిష్‌లోనే ఇచ్చే పిల్ల. నా కోసం కష్టపడి తెలుగులో అంది. లేని జబ్బు మీద గెలవడానికి ఆ పిల్ల మంచులో పరుగెత్తుతుంటే నేను మంచిదమ్మా అన్నాను.

వసంతంలో ఆమె తోటి క్యాడెట్లకు సీట్లు ఖాయమయ్యాయి. ఈలోగా వాటర్లూ యూనివర్సిటీ నుంచి మేఘనకు కంప్యూటర్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. జూన్ మొదట్లోగా ఒప్పుకోవాలి. ఆ గడువుకు రెండు రోజుల ముందు రమణారావు గారు ఒక్కరే నా దగ్గరికొచ్చారు.

‘వాటర్లూ అంటే మన వాళ్ళు ప్రాణం పెడతారు డాక్టర్ గారూ. ఇదేమో ఆర్మీ అంటోంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టను, ఇది వస్తుందని నమ్మితే దానికే నిలబడతానంటోంది. నాకేం అర్థం కావట్లేదు. మీరు చెప్పండి, వస్తుందంటారా?’

‘టెస్ట్ నార్మల్‌గా ఉంది కదండీ. వస్తుంది. కొంచెం లేటవుతుంది, అంతే’ అన్నాను.

‘మీరన్నారంటే చాలు’ అని లేచి వెళ్ళిపోయారు. వాటర్లూ గడువు దాటిపోయింది.

ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోమని కొత్తవాళ్ళను బతిమాలుతాను. పేషెంటుకు ధైర్యం చెప్పడం మన పనే. కానీ మన తప్పు బయటపడకుండా ఉండాలన్న భయంతో చెప్పే ధైర్యం కూడా బయటికి అచ్చం అలాగే వినిపిస్తుంది. ఆ రోజు నేను చెప్పింది ఏ రకం ధైర్యమో ఆయనకు తెలియలేదు, నాకు తెలుసు.

నాలుగు రోజుల కేసు షీటు

జూన్ చివర్లో పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ ఎవరో డాక్టర్ చార్టు మొత్తం ఓపిగ్గా చదివాడు, విజయవాడ సర్టిఫికెట్‌తో సహా. నాలుగు రోజులు ఆసుపత్రిలో చేర్చారంటే అది తేలికపాటి ఆస్తమా కాదు, ఆ నాలుగు రోజుల రికార్డులు నెలలోపల పంపండి అని రాశాడు. జరగని దానికి రికార్డులెక్కడి నుంచి తేవాలి?

ముగ్గురూ క్లినిక్‌కు వచ్చారు. సుజాత అప్పటికే అన్నయ్యతో మాట్లాడింది. నా గదిలోనే మళ్ళీ ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది.

‘దానిదేముంది బావగారూ’ అన్నాడాయన రమణారావు గారితో. ‘నాలుగు రోజుల కేసు షీటేగా. మా సిస్టర్ చేత రాయించి స్టాంపు వేసి ఎల్లుండికి పంపించేస్తా. ఏ మందులు రాయమంటారో ఆ డాక్టర్ గారిని అడిగి చెప్పండి.’

మేఘన తల్లి వైపు తిరిగింది. ‘రాయించి అంటే?’ అంది.

సుజాత ఫోన్ పెట్టేసి, తలొంచుకుని మొత్తం చెప్పింది. పెళ్ళి, ముహూర్తం, స్కూలు, సర్టిఫికెట్. మేఘన అంతా విన్నది. విన్నాక నా వైపు తిరిగింది.

‘అంకుల్, మీకు తెలుసా?’

‘అప్పట్లో చాలా రష్ ఉండేదమ్మా, అందరూ...’

‘తెలుసా అని అడిగాను.’

‘తెలుసు’ అన్నాను.

ఆమె ఇంగ్లిష్‌లో చెప్పింది, నెమ్మదిగా. ఇంటర్వ్యూలో ఆఫీసర్ ఒక ప్రశ్న వేశాడట. నీకు నష్టమని తెలిసి కూడా నిజం చెప్పిన సందర్భం ఒకటి చెప్పమని. మెడికల్‌లో ఆస్తమా దాచకుండా చెప్పానన్నదట. ఆయన చాలా మెచ్చుకున్నాడట. ఆ మాట చెబుతూ ఏడ్చింది. పదేళ్ళలో ఆ పిల్ల నా ముందు ఏడవడం అదే మొదలు. సూది వేసినా ఏడ్చేది కాదు.

‘ఒక్క కాగితమే కదమ్మా, పంపిస్తే అయిపోతుంది’ అంది సుజాత. తానూ ఏడుస్తోంది.

‘నో అమ్మా’ అంది మేఘన. ఆ విషయం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

రెండో ఉత్తరం

ఇక నేనే నిజం రాస్తానన్నాను. రాశాను, పూర్తిగా ఒక పేజీ. పరీక్షలో నాకు ఏ లక్షణమూ కనబడలేదని, సర్టిఫికెట్ నమ్మదగింది కాదని తెలిసీ నమోదు చేశానని, పఫర్ అవసరం లేకుండానే రాశానని. సిగ్గుతో రాసినా, పోస్ట్ చేశాక మనసు తేలికపడింది. ఇంత నిజం చెప్పాక ఎవరైనా కరుణిస్తారనుకున్నాను. ఆ వయసులో కూడా నాకు అంత అమాయకత్వం మిగిలి ఉంది.

ఆగస్టు చివర జవాబు వచ్చింది. అప్పటికి కొత్త బ్యాచ్ చేరిపోయింది. ఒకే డాక్టర్ ఏడాది తిరక్కుండానే ఒకదానికొకటి పొసగని రెండు ఉత్తరాలు రాశాడు, ఏది సరైనదో నిర్ధారించుకునే వీలు లేదు, శ్వాస పరీక్ష నార్మల్‌గా ఉన్నా గత చరిత్ర తేలలేదు, కనుక మినహాయింపు ఇవ్వలేం. వాళ్ళను తిట్టుకుందామని చాలా చూశాను. ఆ కుర్చీలో నేనున్నా అదే రాసేవాణ్ణి.

చార్టులో రాసింది చెరపడానికి వీల్లేదు. చట్టం ఒప్పుకోదు. కింద ఇంకో వాక్యం చేర్చవచ్చు, అంతే. చేర్చాను. పైన ఉన్నది పైనే ఉంది. నా మీద నేనే లైసెన్సింగ్ వాళ్ళకు ఫిర్యాదు చేద్దామని కూడా ఒక ఉత్తరం టైపు చేశాను. అది పంపలేదు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నాకు ఒక్క రోజు పని ఆగలేదు.

ఆ కుటుంబం నన్ను వదిలేసి పోతుందనుకున్నాను. ఇక్కడ ఇంకో ఫ్యామిలీ డాక్టర్ దొరకడం గగనం. అందుకని నా దగ్గరికే వచ్చేవాళ్ళు. సుజాతకు బీపీ మొదలైంది, నేనే చూశాను. చలి గురించి, 401 హైవే మీద ట్రాఫిక్ గురించి మాట్లాడుకునేవాళ్ళం. మేఘన ఆ ఏడాది తండ్రి పనిచేసే వేర్‌హౌస్‌లోనే షిఫ్టులు చేసింది. మరుసటి ఏడాది దగ్గర్లోని ఒక కాలేజీలో ఏదో అకౌంటింగ్ కోర్సులో చేరింది. పరుగు మానేసిందని రమణారావు గారు చెప్పారు. ఎందుకని నేను అడగలేదు.

ఒక ఫోను

రిటైరయ్యాక ఒక పాత మిత్రుడు చెప్పాడు, సైన్యంలో మెడికల్ నియమాలు కొంత సడలించారని, ఇప్పుడు ఆస్తమా ఉన్నా వెంటనే తోసిపుచ్చకుండా పరిశీలించి తీసుకుంటున్నారని. వినగానే నాకు ఆశ పుట్టింది. మేఘనకు ఇరవై ఒకటి, వయసు మించిపోలేదు. మేఘన నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తింది. ‘బాగున్నారా అంకుల్’ అంది, కోపం లేకుండా. విషయం చెప్పి, మళ్ళీ అప్లై చెయ్యమన్నాను. చిన్నప్పుడు తేలికగా ఉండేదని రాస్తే ఈసారి పెద్ద అడ్డంకి ఉండకపోవచ్చన్నాను. పాత ఫైల్లోని నా మొదటి ఉత్తరంతో అది సరిపోతుందని కూడా అన్నాను. అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

‘నాకు ఆస్తమా లేదు కదా అంకుల్’ అంది.

‘లేదమ్మా.’

‘లేదని రాస్తే వాళ్ళు మీ చార్ట్ చూస్తారు, నేను అబద్ధం చెప్పాననుకుంటారు. ఉందని రాస్తే తీసుకుంటారు, కానీ అది అబద్ధం. మీరు చెప్పండి అంకుల్. ఏది రాయమంటారు?’

నిజంగానే అడిగింది. ఎత్తిపొడుపు కాదు, ఆ పిల్లకు అది రాదు. ఇరవై ఆరేళ్ళు ఉత్తరాలు రాసినవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్నకు ఏం రాయమనాలో నాకు తోచలేదు. ఆమె చాలాసేపు లైన్లోనే ఉంది. తర్వాత, ‘పర్లేదు అంకుల్, ఉంటాను’ అని పెట్టేసింది.